మన పాత జీపుకు షాక్ అబ్జార్బర్ల ఎంపిక

(శాఖా కార్యదర్శుల, కోశాధికారుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి మీరు వేతనాల గురించి, ఖాళీ ఉద్యోగాల భర్తీ గురించి, గ్రామీణ డాక్ సేవకుల కోర్కెల గురించి ఉపన్యాసాలు విన్నారు. భోజనానంతరం ఈ గంటకు కార్యవర్గం నాకు అప్పగించిన విషయం మన పాత జీపుకు కొత్త షాక్ అబ్జార్బర్లు ఎంచుకోవడం. వెనుక వరుసలో కొందరు మిత్రులు నవ్వుకుంటున్నారు. ఇది యూనియన్ తరగతిలో చెప్పవలసిన పాఠమేనా అని వారి సందేహం కాబోలు. ముందుగా ఆ సందేహం తీర్చి తరువాత విషయంలోకి వస్తాను.

ఈ జీపు 1991 నాటి మహీంద్రా ఎం.ఎం.540. సభ్యులు నెలనెలా చెల్లించిన చందాతో, మరొకరు వాడిన బండిగా కొన్నది. కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే రైలు మార్గంలో ఘాట్ సెక్షన్లలో పనిచేసే ట్రాక్ కార్మికుల వద్దకు, అరకు, పాడేరు ప్రాంతాలలోని బ్రాంచి పోస్టాఫీసుల వద్దకు మనం చేరుకొనేది ఈ బండి మీదనే. బస్సు తిరగని వూళ్లలో కూడా మనకు సభ్యులున్నారు. ఈ బండిలో ప్రయాణించేది మన మనుషులు. దీనిపై ఖర్చయ్యేది సభ్యుల డబ్బు. ఈ రెండింటికీ మనమే జవాబుదారులం. కనుక ఇది మన విషయమే.

మరొక కారణం కూడా వున్నది. నాలుగు సంవత్సరాల క్రితం ఈ బండికి షాక్ అబ్జార్బర్లు కొన్నది నేనే. తప్పు సరుకు కొన్నాను. ఆ సంగతి మీ ముందు చెప్పకుండా సలహాలు ఇవ్వడం సబబు కాదు.

అప్పుడు పాతవి నూనె కారుతున్నాయి. కార్యవర్గం మంజూరు చేసిన సొమ్ము జేబులో పెట్టుకొని నేనొక దుకాణానికి వెళ్లాను. అక్కడివారు లావుపాటి సెట్టు ఒకటి చూపించి, ఇవి పెద్ద బండ్లవి, మీ జీపుకు జన్మలో అరగవు అన్నారు. రెండు చివరల కన్నాలూ మన పిన్నులకు సరిపోయాయి. అంతకుమించి నేను చూడలేదు. మన బండి నడిపే పెద్దమనిషి మెయిల్ మోటారు సర్వీసులో 30 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆయన వాటిని చేతితో అదిమి చూసి, "సెక్రటరీగారూ, ఇవి మూసినా పొడుగ్గానే వున్నాయండీ, కింద తగులుతాయేమో చూడండి" అన్నారు. నేనేమన్నానో నాకింకా జ్ఞాపకమే. "బిల్లు కట్టేశాం అన్నా, బిగించండి, అవే సర్దుకుంటాయి" అన్నాను.

రెండు నెలలు గడిచాయి. వర్షాకాలంలో ఒక సాయంత్రం ఏజెన్సీ నుండి దిగి వస్తుండగా కల్వర్టు దగ్గర ముందరి ఎడమ చక్రం గోతిలో పడింది. చక్రం పైకి లేచింది. బంపు రబ్బరు తగలడానికి ముందే షాక్ అబ్జార్బరు పూర్తిగా మూసుకుపోయింది. బండి బరువంతా ఒక్కసారి ఆ పిన్ను మీద పడి, దాన్ని పట్టుకొన్న బ్రాకెట్టు చట్రం నుండి వూడివచ్చింది. బండి లోయ వైపు ఈడ్చుకుపోయింది. ఆయన చేతిలో వున్న 30 ఏళ్ల అనుభవమే దాన్ని కొండ వైపు గట్టుకు ఆనించి నిలిపింది. లోపల ఐదుగురం వున్నాం. వారిలో ఇద్దరు మన మహిళా కార్యకర్తలు. ఒకరి నుదురు చిట్లడం తప్ప పెద్ద గాయాలు కాలేదు. ఆ రాత్రి ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని వుంటే నాకు కొంత తేలికగా వుండేది.

ఇక అసలు విషయానికి వద్దాం. షాక్ అబ్జార్బరు చేసే పని ఏమిటి? బండి బరువు అది మోస్తుందని చాలామంది భ్రమ. బరువు మోసేవి కమాన్లు. గోతిలో పడినప్పుడు కమాను వంగి, దెబ్బను తనలో దాచుకొంటుంది. దాచుకొన్న శక్తిని మళ్లీ బయటకు నెడుతుంది. దాన్ని అణచేది లేకపోతే బండి ఒక గోతికి పలుమార్లు ఎగిరి పడుతుంది. ఎగిరిన క్షణంలో టైరుకు నేలమీద పట్టు వుండదు. పట్టు లేని చక్రానికి బ్రేకు లేదు, స్టీరింగూ లేదు. షాక్ అబ్జార్బరులో ఒక గొట్టం, అందులో నూనె, నూనెలో కదిలే పిస్టన్, ఆ పిస్టనుకు సన్నని రంధ్రాలు, కవాటాలు వుంటాయి. నూనె ఆ రంధ్రాల గుండా బలవంతంగా దూరుతూ కదలిక శక్తిని వేడిగా మార్చుతుంది. ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. నెమ్మదిగా కదిలిస్తే తక్కువగా ఎదిరిస్తుంది, వేగంగా కదిలిస్తే ఎక్కువగా ఎదిరిస్తుంది.

రైల్వే సోదరులకు ఇది కొత్త కాదు. పాత ఐ.సి.ఎఫ్. బోగీలో యాక్సిల్ బాక్సుల దగ్గర నూనెతో పనిచేసే డాష్‌పాట్‌లు మీరు ఎరుగుదురు. వాటిలో నూనె తగ్గితే ప్రయాణికుడు ఏమంటాడో క్యారేజి అండ్ వ్యాగన్ సోదరులకు నేను చెప్పనక్కరలేదు. గూడ్సు వ్యాగన్ల క్యాస్‌నబ్ బోగీలో నూనె లేదు. అక్కడ ఇనుప చీలలు రాసుకొని, ఆ రాపిడితోనే కుదుపును అణుస్తాయి. మన జీపులో ఈ రెండు పద్ధతులూ వున్నాయి. కమాను పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల కొంత, షాక్ అబ్జార్బరులోని నూనె వల్ల కొంత కుదుపు అణుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పట్టీలు తుప్పుపట్టి బిగుసుకుపోతే బండి రాయిలా కొడుతుంది. ఆ నింద షాక్ అబ్జార్బరు మీద పడుతుంది.

అందువల్ల కొనడానికి ముందు చేయవలసిన మొదటి పని పరీక్ష. కమాన్లలో విరిగిన పట్టీ వున్నదా? యూ బోల్టులు బిగువుగా వున్నాయా? షాకిల్ పిన్నులు, బుష్షులు అరిగాయా? బంపు రబ్బర్లు అసలు వున్నాయా, రాలిపోయాయా? టైర్లలో గాలి సరిగా వున్నదా? ఇవి సరిచేయకుండా కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించడం చందా సొమ్మును గోతిలో పోయడమే. కుంగిపోయిన కమానును ఏ షాక్ అబ్జార్బరూ పైకి లేపదు.

పాత షాక్ అబ్జార్బరు పనిచేస్తున్నదా లేదా తెలుసుకోవడానికి కారుకు చేసినట్లు బానెట్టు మీద అదిమి వదిలే పరీక్ష జీపుకు చాలదు. దాని కమాన్లు గట్టివి, మనిషి బరువుకు సరిగా వంగవు. ఇంతకంటె మంచి పద్ధతులు మూడున్నాయి. మొదటిది, గొట్టం మీద నూనె చూడడం. పైభాగంలో సన్నని తేమ వుంటే అంత ప్రమాదం లేదు. నూనె కారి గొట్టమంతా తడిసి, మట్టి పేరుకొని వుంటే దాని ఆయుష్షు తీరినట్లే. రెండవది, గతుకుల రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగింటినీ జాగ్రత్తగా తాకి చూడడం. పనిచేసేవి వేడెక్కి వుంటాయి. మిగతావి వేడెక్కగా ఒకటి చల్లగా వుంటే అది పనిచేయడం లేదు. మూడవది, ఒక చివర వూడదీసి నిలువుగా పట్టుకొని చేతితో లాగి, నొక్కి చూడడం. మధ్యలో ఎక్కడైనా ఎదురు లేకుండా జారిపోతే లోపల నూనెగాని కవాటంగాని పోయినట్లు. టైర్ల అంచులు గుంటలు గుంటలుగా అరగడం కూడా ఒక సూచన.

ఇక ఎంపికలో అన్నిటికంటె ముఖ్యమైనది పొడవు. నేను తప్పిన పరీక్ష ఇదే కనుక కొంచెం వివరంగా చెప్తాను. బండిని చదునైన నేలమీద, మనం మామూలుగా తీసుకువెళ్లే బరువుతో నిలపండి. పై పిన్ను మధ్య నుండి కింది పిన్ను మధ్యకు కొలవండి. ఉదాహరణకు 410 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. యాక్సిలుకూ బంపు రబ్బరుకూ మధ్య ఖాళీ 70 మిల్లీమీటర్లు అనుకోండి. 410 నుండి 70 తీసివేస్తే 340. దెబ్బ తగిలినప్పుడు రబ్బరు కూడా నలుగుతుంది. దానికీ, క్షేమానికీ కలిపి మరొక 20 తీసివేయండి. 320 మిగిలింది. పూర్తిగా మూసినప్పుడు షాక్ అబ్జార్బరు పొడవు 320 దాటకూడదు. మనది కొంత ఏటవాలుగా బిగించి వుంటుంది కనుక నిజానికి ఇంకా కొంత వెసులుబాటు వుంటుంది. ఆ పొరపాటు క్షేమం వైపే.

తరువాత పాతది వూడదీసి, చట్రాన్ని లేపి, చక్రం నేల వదిలి పూర్తిగా వేలాడేటట్లు చేయండి. మళ్లీ అదే విధంగా కొలవండి. 470 వచ్చిందనుకోండి. అప్పుడు పూర్తిగా సాగినప్పుడు షాక్ అబ్జార్బరు పొడవు 485కు తగ్గకూడదు. తగ్గితే చక్రం కిందికి దిగిన ప్రతిసారీ యాక్సిలు బరువు షాక్ అబ్జార్బరు మీద వేలాడి, లోపలి పిస్టన్ వూడిపోతుంది. అదే సమయంలో బ్రేకు గొట్టం బిగిసి లాగబడకుండా వున్నదో లేదో కూడా చూడండి. ముందు వెనుకలకు విడివిడిగా, కుడి ఎడమలకు విడివిడిగా కొలవాలి. పాత బండిలో నాలుగు మూలలూ ఒకే లెక్కకు రావు. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసుకోకుండా దుకాణం మెట్లు ఎక్కవద్దు. అక్కడ టేపుతో కొలిచి చూడండి. కన్నాలు సరిపోవడం ఒక్కటే సరిపోవడం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొలతలు తీసేటప్పుడు మిగతా చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టండి. చట్రం కింద స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎవరూ దూరవద్దు. యార్డులో మనం ఇతరులకు చెప్పే జాగ్రత్త ఇదే.

రెండవది రకం. పాత జీపులకు సాధారణంగా వచ్చేవి జంట గొట్టాలవి. లోపలి గొట్టంలో పిస్టన్ కదులుతుంది, బయటి గొట్టంలో అదనపు నూనె, కొంత గాలి వుంటాయి. గతుకుల మీద ఎడతెరిపి లేకుండా నడిపితే ఆ గాలి నూనెలో కలిసి నురగ పుడుతుంది. నురగను పిస్టన్ సులువుగా దూసుకుపోతుంది, ఎదురు తగ్గిపోతుంది. దీనికి విరుగుడుగా గాలికి బదులు తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ వాయువు నింపిన జంట గొట్టాలవి వచ్చాయి. వాటిలో నురగ తక్కువ. మూడవ రకం ఒంటి గొట్టానిది. అందులో నైట్రోజన్ ఎక్కువ ఒత్తిడిలో, నూనెతో కలవకుండా వేరొక పిస్టనుకు ఆవల వుంటుంది. నూనె వున్న గొట్టమే నేరుగా గాలికి తగులుతుంది కనుక త్వరగా చల్లారుతుంది. గంటల తరబడి వేగంగా గతుకుల మీద పరుగెత్తే బండికి అది మేలు. కాని రాయి తగిలి ఆ ఒక్క గొట్టం సొట్టపడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. జంట గొట్టాలదానిలో బయటి గొట్టం దెబ్బతిన్నా చాలావరకు లోపలిది పనిచేస్తూనే వుంటుంది. వాయువు గది కోసం ఒంటి గొట్టానికి పొడవు కూడా ఎక్కువ కావాలి. మన పాత జీపులో ఆ చోటు తక్కువ.

మూడవది బిగువు. యువ మిత్రులు కొందరు కార్యవర్గానికి ఒక ప్రతిపాదన పంపారు. విదేశాల నుండి వచ్చే ఒంటి గొట్టాలవి, అన్నిటికంటె గట్టివి కొని, పనిలో పనిగా బండిని మూడు అంగుళాలు ఎత్తు చేయాలని వారి కోరిక. వారి ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. ఆ ప్రతిపాదన రాసిన మిత్రులే క్రిందటి నెలలో బండి కింద పడుకొని బుష్షులు మార్చారు. కాని గట్టిది అంటే మంచిది కాదు. అవసరానికి మించి బిగువైన షాక్ అబ్జార్బరు కమానును వంగనివ్వదు. దెబ్బ నేరుగా చట్రానికి, అక్కడి నుండి మన వెన్నెముకకు చేరుతుంది. కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపులలో సెకనుకు 4 నుండి 8 సార్లు వచ్చేవాటికి ఎక్కువగా లోనవుతుందని కంపనాలపై 1974లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం గుర్తించింది. మెయిల్ వ్యాన్లు నడిపే సోదరులలో నడుము నొప్పి లేనివారు ఎందరో చేతులెత్తమని అడగను. మీకే తెలుసు. బిగువును నిర్ణయించవలసింది మనం మోసే బరువు, మనం నడిచే దారి. మన బండి ఐదుగురితో, కరపత్రాల కట్టలతో, గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంతో గతుకుల మీద నడిచేది. పందాలలో దూకేది కాదు.

ఎత్తు పెంచడం గురించి కూడా చెప్పాలి. ఎత్తు పెరిగితే బరువు కేంద్రం పైకి పోతుంది, ఘాట్ మలుపులలో బండి సులువుగా ఒరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం, స్టీరింగు కడ్డీల అమరిక మారుతాయి. పైగా బండి నిర్మాణాన్ని తయారీదారు నిర్దేశించిన రూపం నుండి మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 15 సంవత్సరాలు దాటిన బండి మనది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడవలసినది. చట్టాన్ని అమలు చేయమని యాజమాన్యాన్ని నిలదీసేవాళ్లం చట్టం తెలియనట్లు నటించలేము.

నాలుగవది కొనుగోలు. ఒక్కటి ఎప్పుడూ కొనవద్దు. ఒక యాక్సిలుకు రెండూ కలిపి మార్చండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది వుంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపుకు ఒరుగుతుంది. పాతవాటికి రంధ్రం చేసి, ఏదో నూనె నింపి, అతుకు వేసి, నల్ల రంగు పూసి కొత్తవిగా అమ్మే పద్ధతి వున్నది. గొట్టం మీద అతుకు గుర్తు, రంగు కింద గీతలు, పిస్టన్ కడ్డీ మీద మెరుపు పోయిన చోట్లు చూడండి. కడ్డీ అద్దంలా వుండాలి. తయారీ నెల, పార్టు నంబరు వున్న పెట్టె, పన్నుతో కూడిన బిల్లు తీసుకోండి. బిల్లు లేని చౌక సరుకు కోశాధికారికి ఆడిట్‌లో తలనొప్పి, డ్రైవరుకు రోడ్డు మీద ప్రమాదం. బుష్షులు, వాషర్లు కొత్తవే వేయండి. అరిగిన బుష్షులో కొత్త షాక్ అబ్జార్బరు బిగిస్తే, బుష్షులో ఆట వున్నంతసేపు అది పనిచేయదు.

ఐదవది బిగింపు. దుకాణంలో అడ్డంగా పడివున్న జంట గొట్టాలదానిలో గాలి లోపలి గొట్టంలోకి చేరి వుంటుంది. బిగించే ముందు దాన్ని నిలువుగా, పనిచేసే దిశలోనే పట్టుకొని, నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కండి. ఎదురు సమానంగా వచ్చేవరకు చేయండి. చివరి బిగువు బండి తన చక్రాల మీద నిలబడినప్పుడే ఇవ్వండి. వేలాడుతుండగా బిగిస్తే బుష్షు రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. వంద కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ చూడండి. వాయువు నింపిన పాతవాటిని కోయవద్దు, కాల్చవద్దు.

మిత్రులారా, ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నేను కార్యవర్గం ముందు పెడుతున్న ప్రతిపాదన ఇది. తక్కువ ఒత్తిడి నైట్రోజన్ నింపిన జంట గొట్టాల షాక్ అబ్జార్బర్లు నాలుగు, మన బండి కొలతలకు సరిపోయేవి, బిల్లుతో కొనాలి. వాటికంటె ముందు రాలిపోయిన బంపు రబ్బర్లు వేయించి, కమాను పట్టీలు విప్పి తుప్పు తీయించాలి. ఖర్చు యువ మిత్రుల ప్రతిపాదన కంటె తక్కువే అవుతుంది. మిగిలిన సొమ్ముతో వెనుక సీట్లలో కూర్చునేవారికి పట్టీలు వేయించాలి.

ఒక షరతు కూడా చేరుస్తున్నాను. ఇకమీదట ఈ బండికి ఏ భాగం కొన్నా, బిల్లు చెల్లించే ముందు దాన్ని నడిపేవారు సరుకు చూసి సంతకం చేయాలి. ఆయన కాదంటే కార్యదర్శి ఔనన్నా ఆ కొనుగోలు చెల్లదు. పట్టాల మీద పనిచేసే మనిషిని అడగకుండా పనిముట్లు కొనే అధికారులను మనం ఇన్నేళ్లుగా విమర్శిస్తున్నాం. నాలుగేళ్ల క్రితం ఆ దుకాణంలో నేను చేసిందీ అదే. విమర్శ మనకూ వర్తించాలి.

ఆ పెద్దమనిషి ఇప్పుడు ఈ హాలులోనే, తలుపు దగ్గర కూర్చున్నారు. నా ప్రసంగం ముగిశాక బయట చెట్టు కింద బండి నిలిపి వున్నది. టేపు ఆయన దగ్గర వున్నది. కొలవడం ఎట్లాగో ఆయన మీకు చూపిస్తారు. ప్రతి శాఖ నుండి ఒక్కరైనా వెళ్లి నేర్చుకోండి. నేనూ వస్తాను.